రంగుల గది: ఊదా పూసినంత మాత్రాన పాతకాలం రాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: ఏఐ బొమ్మలకు పాత జపాన్ యానిమే (కార్టూన్ సినిమాల) రంగులు ఎలా తేవాలి? అందుకని ఈసారి పేజీలన్నీ దానికే ఇచ్చేస్తున్నాను. నీటిరంగుల కాగితం గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టండి. కొత్త పాఠకుల కోసం ఒక్క మాట. 1990ల్లో హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియో పెయింటింగ్ సెక్షన్‌లో సెల్ షీట్లకు, అంటే కార్టూన్ బొమ్మలు గీసే పారదర్శక షీట్లకు, రంగులు నింపడం నా మొదటి ఉద్యోగం. కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం నోరెక్కువ.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఏఐతో బొమ్మలు చేస్తుంటాను. "90ల యానిమే, రెట్రో, వీహెచ్‌ఎస్" అని రాస్తే బొమ్మ బాగానే వస్తుంది కానీ ప్రతిసారీ ఊదా, గులాబీ, నెమలి నీలమే. పైగా అన్నీ నూనె రాసినట్టు మెరుస్తుంటాయి. మా తమ్ముడు చూడగానే "ఏఐదే కదా" అనేస్తున్నాడు. నాదంటూ ఒక రంగుల శైలి ఎలా తెచ్చుకోవాలి? నేను చేసిన బొమ్మ ఒకటి పంపుతున్నాను. (కాకినాడ)

మీ తమ్ముడి కన్ను మంచిది, వాడి మాట వినండి.

మీరు అడిగిన "రెట్రో" ఏఐ మిషన్‌కు తెలుసు కానీ అది 1990ల నాటిది కాదు. ఊదా ఆకాశం, గులాబీ నియాన్, నెమలి నీలం నీడలు, ఇవన్నీ 2010ల తర్వాత ఇంటర్నెట్‌లో జనం కలగన్న 1980లు. దాంట్లో జపాన్ పాటల రికార్డుల అట్టలు కూడా కలిసిపోయాయి. హిరోషి నగాయ్, ఐజిన్ సుజుకి లాంటివాళ్లు వేసిన ఈతకొలనులు, ఖర్జూరపు చెట్లు, నీలాకాశాలు. చాలా గొప్ప పనే, కానీ అవి యానిమే కాదు. వాటన్నిటికీ ఎవరో "రెట్రో" అని చీటీ అంటిస్తే, మిషన్ ఆ చీటీనే నేర్చుకుంది. మీరు ఆ మాట రాసినన్నాళ్లూ ఆ ఊదాయే వస్తుంది. ముందు ఆ మాట తీసేయండి.

అసలు రంగులు సీసాల్లో ఉండేవి. పారదర్శకమైన సెల్ షీటు మీద ముందువైపు గీత ఉంటుంది, రంగు వెనకవైపు నుంచి నింపుతాం. చేతికి తెల్ల గ్లవ్స్. బ్రష్ నిండా రంగు తీసుకుని, చుక్కను గీత దాకా తోసుకుంటూ వెళ్లాలి తప్ప గోడకు సున్నం కొట్టినట్టు అటూ ఇటూ రుద్దకూడదు. రుద్దితే షీటు దీపానికి ఎదురుగా పట్టినప్పుడు చారలు కనిపిస్తాయి, సూపర్‌వైజర్ షీటు వెనక్కి తోసేస్తాడు. ముందువైపు తిప్పి చూస్తే రంగు అద్దంలా చదునుగా ఉండాలి. ఒక రంగు ఎక్కడ ఆగిందో అక్కడే రెండోది మొదలవ్వాలి, మధ్యలో కరిగిపోవడమనేదే లేదు. నీడ ఎక్కడి దాకా రావాలో కాగితం మీద రంగు పెన్సిల్ గీతతో ముందే గీసి ఇచ్చేవారు. ఆ గీత దాటి నీడ ఒక్క పిసరు కూడా పోదు.

ప్రతి సీసాకూ ఒక నంబరు. జపాన్‌లో ఈ రంగులు తయారు చేసి ఇచ్చిన పేరున్న కంపెనీ తాయో షికిసాయ్. ఏ పాత్రకు ఏ నంబరో నిర్ణయించడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవారు. మిచియో యసుదా అనే ఆవిడ 1958లో తోయీ స్టూడియోలో చేరి, తర్వాత జిబ్లీ అనే స్టూడియో సినిమాలకు రంగులు నిర్ణయించారు. 2016లో పోయారు. ఆ పనిలో ఉన్నవాళ్లు ఒక్కో పాత్రకు ఒక చార్టు తయారు చేస్తారు. మామూలు రంగు, నీడ రంగు, మెరుపు రంగు. పగటికి ఒక చార్టు, సాయంత్రానికి ఇంకోటి, రాత్రికి మరోటి. "అకీరా" అనే యానిమే సినిమా 1988లో వచ్చినప్పుడు అందులో 327 రంగులు వాడారని, వాటిలో 50 ఆ సినిమా కోసమే కొత్తగా కలిపించారని గొప్పగా చెప్పుకున్నారు. అంత ఖర్చు పెట్టి తీసిన సినిమాకే 327! మీ ఫోన్ తెర ఒక కోటీ అరవై ఏడు లక్షల రంగులు చూపిస్తుంది. ఏఐ బొమ్మ ఒక్క చెంప మీదే వందల రంగులు పోస్తుంది. మీ తమ్ముడు పట్టేసింది అదే.

కాబట్టి నేను చెప్పేదొకటే. ప్రాంప్ట్ (ఏఐకి ఇచ్చే సూచన) రాసే ముందు చార్టు రాయండి. బొమ్మ మిషన్ వేస్తే వెయ్యనీ, రంగుల సీసాలు మాత్రం మీ అల్మారాలో ఉండాలి.

మీరు పంపిన బొమ్మే తీసుకుందాం. సాయంత్రం పూట బీచ్ రోడ్డు మీద సైకిల్ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి. నేనైతే ఇలా మొదలుపెడతాను. అంకెలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో ఇస్తున్నాను, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పనికొస్తాయి. జుట్టుకు నలుపు వాడను. 38, 36, 52. మెరుపు 84, 98, 140, అంటే బాగా మాసిన నీలం. నల్లజుట్టుకు నీలం మెరుపు పెట్టడం ఆ కాలపు అలవాటు, ఇది ఒక్కటి చేసినా బొమ్మ పదేళ్లు వెనక్కి పోతుంది. తెల్ల చొక్కాకు తెలుపు వాడను. 238, 232, 218. దాని నీడ బూడిద కాదు, 176, 178, 204. ఎర్ర సైకిల్ 186, 58, 48. నీడలో దాన్ని నలుపు వైపు లాగకండి, వంగపండు వైపు జరపండి: 122, 36, 52. నీడ అంటే అదే రంగు ముదరడం కాదు, పక్క సీసాకు వెళ్లడం. ఇలా మనిషికి, బట్టలకు, సైకిల్‌కు కలిపి ఇరవై నాలుగు రంగులు దాటనివ్వకండి. ఇరవై ఐదోది కావాలనిపిస్తే ఒకటి తీసేయండి. మొదట్లో చేతులు కట్టేసినట్టుంటుంది. నాలుగైదు బొమ్మలు ఇదే చార్టుతో చేశాక, ఎవరైనా చూసి "ఇది నీ బొమ్మ" అంటారు. శైలి అనేది అప్పుడు మొదలవుతుంది.

ఇక వెనకాల సముద్రం, ఆకాశం. వాటికి ఈ లెక్క వర్తించదు. పాత యానిమేలో బ్యాక్‌గ్రౌండ్లు సెల్ మీద వేసేవారు కాదు, కాగితం మీద పోస్టర్ కలర్లతో వేసేవారు. అక్కడ బ్రష్ గుర్తులుంటాయి, రంగులు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి, మబ్బు అంచు మెత్తగా ఉంటుంది. దాని మీద చదునైన మనిషి. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోవడంలోనే ఉంది మీరు వెతుకుతున్న అందం. ఏఐ మనిషికీ మబ్బుకీ ఒకే చేత్తో నీడలు వేస్తుంది. అందుకే మనిషిని వేరుగా, బ్యాక్‌గ్రౌండ్‌ను వేరుగా చేయించి, తర్వాత ఒకదాని మీద ఒకటి పెట్టండి.

ప్రశ్న: అసలైన సెల్ రంగులు చూడాలంటే ఏం చూడాలి? యూట్యూబ్‌లో ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. (వరంగల్)

ఒక్కోలా ఉండటం సహజం. టీవీ సీరియళ్లు ఎక్కువగా 16 ఎంఎం ఫిల్మ్ మీద, సినిమాలు 35 ఎంఎం మీద తీసేవారు. అక్కడి నుంచి టేపు, డీవీడీ, బ్లూ-రే... దాటిన ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు రంగులు తిప్పారు. సీసాలో ఉన్న రంగు వేరు, తెర మీద మనం చూసింది వేరు.

మనవాళ్లకు దగ్గరి దారి ఒకటుంది. యుగో సాకో పూనుకుని, జపాన్, భారత్ కలిసి చేసిన "రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ". 1990ల మొదట్లో పూర్తయిన సినిమా, మన రామ్ మోహన్ గారు కూడా దర్శకుల్లో ఒకరు. 2025 జనవరి 24న 4కేలో తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చింది. పూర్తిగా సెల్ పని. కథ తెలిసిందే కదా, కాబట్టి కథ వదిలేసి రంగులే చూడండి. ఒక పాత్ర ఎండలోంచి చెట్టు నీడలోకి వెళ్లినప్పుడు చార్టు ఎక్కడ మారిందో పట్టుకోవడానికి ప్రయత్నించండి.

సెల్ పని ఎప్పుడు ఆగిపోయిందని కూడా అడిగారు. 1997 ప్రాంతంలో పెద్ద స్టూడియోలు కంప్యూటర్‌కు మారడం మొదలుపెట్టాయి. జిబ్లీ వాళ్లు ఆ ఏడాది వచ్చిన "ప్రిన్సెస్ మొనొనోకె"లో కొంత భాగం కంప్యూటర్‌లో రంగులేశారు. "సజాయె-సాన్" అనే ఇంటిల్లిపాది సీరియల్ మాత్రం 2013 దాకా సెల్ వదల్లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను స్కూల్ టీచర్‌ని. పిల్లల కోసం మన ఊరి మనుషులతో యానిమే రంగుల్లో కథ చేస్తున్నాను. ఏఐకి "తెలుగు అమ్మాయి" అని చెబితే చర్మం అయితే పాలలా, లేకపోతే నారింజ పండులా వస్తోంది. చామనఛాయ రావడమే లేదు. (ఒంగోలు)

ఈ నెల ఉత్తరాలన్నిటిలో నాకు నచ్చినది మీదే టీచర్ గారూ, కొంచెం పెద్ద జవాబు ఇస్తాను.

మిషన్ చూసిన యానిమే బొమ్మల్లో ఎక్కువ పాత్రలు పాలిపోయిన చర్మంతోనే ఉన్నాయి. దాన్ని "గోధుమ రంగు" అని లాగితే, పాల రంగు మీదే పసుపూ ఎరుపూ పెంచుతుంది. అందుకే నారింజ. "ఇంకా ముదురు" అంటే దాన్నే ఇంకా కాల్చి పెడుతుంది. మాటలతో ఆ పోరు గెలవలేరు. అంకెలతో గెలవండి.

చామనఛాయకు నా చార్టు ఇది. పగలు మామూలు రంగు 176, 122, 88. నీడ 128, 78, 70. గమనించారా, నీడలో ఆకుపచ్చ అంకె బాగా పడిపోయింది, నీలం అంతగా పడలేదు. అంటే నీడ ఎర్రమట్టి వైపు జరిగింది. బూడిద వైపు జరిగితే మనిషి జబ్బు పడ్డట్టుంటుంది. మెరుపు 214, 164, 122, అది కూడా ముక్కు మీద ఒక చుక్క, భుజం మీద ఒక గీత, అంతే. చెంపల మీద గులాబీ వద్దు, మన చర్మం మీద అది పౌడర్‌లా నిలబడుతుంది. కావాలంటే 168, 98, 80 వేయండి. రాత్రికి మామూలు రంగు 104, 78, 100, నీడ 66, 50, 80. రాత్రి రంగు విడిగా చూస్తే ఊదా చర్మంలా ఉండి భయపడతారు. చుట్టూ నీలం రాత్రి పెట్టి చూడండి, మళ్లీ చామనఛాయే కనిపిస్తుంది. ఇదే ఆ చార్టులు వేసినవాళ్ల పనితనం. వాళ్లు రంగును ఒంటరిగా చూడరు, పక్కన ఏముందో చూసి సీసా తీస్తారు.

నల్లని మనిషికి వేరే చార్టు కావాలి. ఇదే చార్టును ముదురు చేస్తే కుదరదు. మామూలు రంగు 112, 72, 58 తీసుకుంటే, నీడ 70, 42, 52 దగ్గర ఉంచండి. మెరుపుకు మాత్రం నీలం కలిసిన 150, 122, 128. ముదురు చర్మం మీద ఆకాశం ప్రతిబింబిస్తుంది. మధ్యాహ్నం పొలంలో పనిచేసే మనిషి భుజం చూడండి, అక్కడ పసుపు మెరుపు కాదు, తెల్లని నీలం మెరుపు ఉంటుంది. ఒక ఊరి కథలో అందరికీ ఒకే చర్మం రంగు పెట్టకండి. కనీసం మూడు చార్టులు ఉండాలి. తాతకు, మనవరాలికి కూడా ఒకటే కాదు.

చీరల సంగతి. మీరు పంపిన బొమ్మలో మేడ మీద వడియాలు పెడుతున్న అమ్మమ్మ చీర చిలకపచ్చ, రవిక ఎరుపు. ఆలోచన బాగుంది. కానీ ఏఐ చీర మీద ప్రతి మడతకూ పది నీడలేసింది, జరీ మీద నక్షత్రాలు మెరిపించింది. సెల్ పెయింటర్‌కు ఇలాంటి చీర ఇస్తే ఏడ్చి ఊరుకుంటుంది. ఆ మడతలు ప్రతి షీటు మీదా నింపాలి కదా! మూడే మడతలు ఉంచండి. పచ్చ 92, 138, 74, నీడ 48, 92, 84. జరీ అంచుకు ఒకే చదును రంగు 206, 164, 82, మెరుపు గీత ఒక్కటి. వడియాలు తెల్లగా కాదు, మీగడ రంగులో. మేడ నేల, పిట్టగోడ, వెనకాల కొబ్బరిచెట్లు పోస్టర్ కలర్ పద్ధతిలో గరుకుగా ఉండనివ్వండి.

ప్రశ్న: చార్టు సరే మేడమ్, దాన్ని బొమ్మ మీదకు ఎక్కించేదెలా? నా దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉంది. డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేను. (కరీంనగర్)

కొననక్కర్లేదు. క్రిటా, జింప్ రెండూ ఉచితం.

ఏఐ ఇచ్చిన బొమ్మలో మనిషిని కత్తిరించి వేరే లేయర్‌లో పెట్టండి. క్రిటాలో పాలెట్ (రంగుల పట్టిక) ఫైల్ తయారు చేసి మీ ఇరవై నాలుగు రంగులు అందులో వేయండి. ఫిల్టర్లలో పాలెటైజ్ అని ఉంటుంది. అది బొమ్మలో ప్రతి చుక్కనూ మీ పాలెట్‌లో దానికి దగ్గరి రంగుకు మార్చేస్తుంది. డిథరింగ్ (రెండు రంగుల చుక్కలు కలిపి చల్లడం) ఆపేయడం మర్చిపోకండి, లేకపోతే ఇసుక చల్లినట్టవుతుంది. జింప్‌లో అయితే ఇమేజ్ మోడ్‌ను ఇండెక్స్‌డ్‌గా మార్చి మీ పాలెట్‌ను ఎంచుకుంటే అదే పని జరుగుతుంది. దానికి ముందు బొమ్మను కాస్త మసకబారిస్తే చెంప మీద మచ్చలు మచ్చలుగా రావడం తగ్గుతుంది. గీతల్ని మాత్రం వేరే లేయర్‌లో కాపాడుకోండి.

ఈ పని అరవై పాళ్లు చేసి పెడుతుంది. మిగతా నలభై చెయ్యే చేయాలి. నీడ అంచు ఎక్కడో వంకర పోతుంది, చెవి దగ్గర చర్మం రంగు జుట్టులోకి పోతుంది. బ్రష్ తీసి సరిచేయండి. బద్ధకిస్తే మళ్లీ ఏఐ మొహం బయటపడుతుంది.

తిరగేసి చేయడం ఇంకా మంచిది. మీరే చదును రంగులతో ముద్దగా ఒక బొమ్మ వేసి, దాన్ని మిషన్‌కు ఇచ్చి మీదనుంచి గీయమనండి. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటివి ల్యాప్‌టాప్‌లో నడిపేవాళ్లకు డీనాయిజ్ అనే మీట ఉంటుంది, మీ బొమ్మను ఎంత మార్చాలో చెప్పేది. దాన్ని 0.4, 0.5 మధ్య ఉంచితే మీ రంగులు నిలుస్తాయి. 0.8కి పోతే మీ రంగులు మింగేసి దాని రంగులు కక్కుతుంది. ప్రాంప్ట్‌ను ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే సీఎఫ్‌జీ అనే ఇంకో మీట ఎక్కువ పెడితే రంగులు మండిపోతాయి, ఏడు అలవాటుగా పెడతారు కానీ నాలుగైదు చాలు. మీది పాత ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి ఇవన్నీ నడవకపోవచ్చు. చాటింగ్ యాప్‌లో చేయించుకున్నా సరే, మీ చార్టును గళ్లుగళ్లుగా బొమ్మ చేసి ప్రాంప్ట్‌తో పాటు పంపండి. "రెట్రో" అనకుండా "రెండే అంచెల నీడ, అంచు పదునుగా, చర్మం మీద నూనె మెరుపు వద్దు, పాత కాగితం లాంటి తెలుపు" అని పనివాడికి చెప్పినట్టు చెప్పండి.

ప్రశ్న: వీహెచ్‌ఎస్ ఫిల్టర్, గ్రెయిన్ (ఫిల్మ్ మీది ఇసుక లాంటి చుక్కలు) వేస్తే చాలదా? అంత కష్టం ఎందుకు? (హైదరాబాద్)

కొత్త ఇత్తడి చెంబుకు మసి పూసి మా ముత్తాత నాటిదని అమ్మినట్టుంటుంది. చార్టు సరిగ్గా ఉంటే మసి కొంచెం పూసినా చాలు, అసలు పూయకపోయినా చాలు.

పూయాలనే ఉంటే సరిగ్గా పూయండి. వీహెచ్‌ఎస్ టేపులో వెలుగు సమాచారం బాగానే నిలుస్తుంది, రంగు సమాచారానికి చోటు చాలా తక్కువ. అందుకే గీతలు ఓ మాదిరిగా ఉండి రంగు మాత్రం గీత దాటి పక్కకు కారుతుంది, ముఖ్యంగా ఎరుపు. ఫిల్టర్లు బొమ్మ మొత్తాన్నీ మసక చేసేస్తాయి, అది తప్పు. బొమ్మ లేయర్‌కు నకలు తీసి, దాన్ని అడ్డంగా మాత్రమే మసకబార్చి, రెండు మూడు చుక్కలు కుడికి జరిపి, బ్లెండ్ మోడ్ "కలర్" పెట్టండి. గీత నిలబడుతుంది, రంగు జారుతుంది.

వెలుగు చిమ్మడం గురించి కూడా చాలామంది అడిగారు. ఆ రోజుల్లో దీపమో, నీటి మీద సూర్యుడో మెరవాలంటే నల్లని షీటులో రంధ్రం కోసి, కింద నుంచి లైటు వేసి, అదే ఫిల్మ్ మీద రెండోసారి ఎక్స్‌పోజ్ చేసేవారు. దర్శకుడు ఒసాము దెజాకి దీన్ని ఎంత బాగా వాడారంటే, ఆయన సన్నివేశాల్లో ఆ మెరుపే గుర్తుండిపోతుంది. అంత పని ఉంది కాబట్టి అవసరమైన చోటే వాడేవారు. మీ బొమ్మల్లో జుట్టు మెరుస్తోంది, కళ్లు మెరుస్తున్నాయి, గాజులు మెరుస్తున్నాయి, చివరికి టీ గ్లాసు కూడా! ఒక్క దీపాన్ని ఉంచి మిగతావన్నీ ఆర్పేయండి.

ప్రశ్న: అక్కా, నేను డాలస్‌లో ఉంటాను. చిన్నప్పుడు ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో చూసిన మోగ్లీ రంగులు ఇంకా కళ్లలో ఉన్నాయి. ఆకులు చిక్కటి పచ్చ, పులి మండే ఎరుపు. ఇప్పుడు అదే సీరియల్ ఇంటర్నెట్‌లో చూస్తే అంతా వెలవెలబోయినట్టుంది. మా పాపకు నా చిన్ననాటి రంగుల్లో బొమ్మలు చేసివ్వాలని ఉంది. ఏది అసలు? (డాలస్)

అది నిప్పన్ యానిమేషన్ వాళ్లు 1989లో చేసిన సీరియల్, చక్కటి సెల్ పని. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్, మధ్యలో మార్పిడి. దానికి తోడు మీ ఇంట్లో టీవీ. ఆ రోజుల్లో కలర్ టీవీ కొన్నాక కలర్ మీట సగంలో ఆపిన నాన్న ఎవరైనా ఉన్నారా తమ్ముడూ? డబ్బులు పెట్టి కొన్నది రంగు కోసమే కదా, చివరిదాకా తిప్పేవారు. వార్తలు చదివేవాళ్ల మొహాలు కూడా టమాటాల్లా ఉండేవి.

స్టూడియో చార్టుకు దగ్గరగా ఉన్నది ఇప్పుడు మీరు చూస్తున్నదే కావచ్చు. కానీ మీరు సీరియల్‌ను కాపీ కొట్టడం లేదు కదా, పాపకు బొమ్మలు చేస్తున్నారు. అయితే మీ కళ్లలో ఉన్నదే మీ చార్టు. జ్ఞాపకం నుంచి ఎనిమిది రంగులు రాసుకోండి, నెట్‌లో సరిచూసుకోకుండా. అడవి పచ్చకు రెండు సీసాలు, పులికి రెండు, రాత్రికి ఒక నీలం, మట్టికి ఒకటి, చర్మానికి రెండు. పాత్రలు మాత్రం మీవే పెట్టుకోండి. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, తన శైలి ఎలా ఉండాలో ముందే తెలిసినవారు మీరొక్కరే.

ప్రశ్న: ఒక పాత యానిమే సినిమా స్క్రీన్‌షాట్లు రెండు వేలు తీసి లోరా ట్రైనింగ్ చేద్దామనుకుంటున్నా. రంగులు వచ్చేస్తాయి కదా? లీగల్‌గా టెన్షన్ ఉందా? (బెంగళూరు)

రంగులు వస్తాయి, వాటితో పాటు అన్నీ వస్తాయి. ఆ సినిమా ముక్కులు, కళ్లు, ఆ బ్లూ-రే వాళ్లు వేసిన గ్రెయిన్, వీడియో కంప్రెషన్ గళ్లు. లోరా అంటే పెద్ద మోడల్‌కు తగిలించే చిన్న అదనపు ముక్క. దానికి రంగు వేరు, గీత వేరు అని తెలియదు. రెండు వేలు కూడా అక్కర్లేదు, శైలి నేర్పడానికి ముప్పై నలభై మంచి బొమ్మలు సరిపోతాయి. కాబట్టి ఆ నలభై మీవే పెట్టండి. మీ చార్టుతో, మీ చేత్తో సరిదిద్దిన బొమ్మలు. అందులో పగలు, రాత్రి, వాన, ట్యూబ్‌లైటు గది అన్నీ ఉండాలి. అన్నీ సాయంత్రాలే పెడితే అది జన్మంతా సాయంత్రాలే వేస్తుంది.

చట్టం సంగతి నేను లాయర్‌ని కాదు కాబట్టి పొడిగానే చెప్తాను. కాపీరైట్ సాధారణంగా బొమ్మకు, పాత్రకు ఉంటుంది, రంగుల పొందికకు ఉండదు. ట్రైనింగ్ విషయంలో దేశానికో తీరు, కోర్టుల్లో ఇంకా నలుగుతోంది. నా అభిప్రాయం వేరే ఉంది. 2025 మార్చిలో అందరూ తమ పెళ్లిఫొటోలను జిబ్లీ బొమ్మలుగా మార్చుకుని మురిసిపోయారు. నాలుగు వారాల తర్వాత ఒకరి బొమ్మకూ ఇంకొకరి బొమ్మకూ తేడా చెప్పగలిగినవాళ్లు లేరు. ఒక స్టూడియో పేరు ప్రాంప్ట్‌లో పెట్టి వచ్చింది నా శైలి అంటే, నేనైతే ఒప్పుకోను.

ప్రశ్న: ఇలా చేసిన బొమ్మను ఫ్లెక్స్ వేయిస్తే ఊదా మట్టి రంగులోకి పోయింది. ప్రింటింగ్ వాళ్లు మా తప్పేం లేదంటున్నారు. (విజయవాడ)

వాళ్ల తప్పు నిజంగానే లేదు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటర్ నాలుగు ఇంకులతో. నియాన్ గులాబీ, విద్యుత్ నీలం, మెరిసే ఊదా ఆ నాలుగు ఇంకుల్లో లేవు. చూశారా, సీసాల లెక్క ఇక్కడా తప్పలేదు. పైన చెప్పిన మాసిన రంగుల చార్టుతో చేసినవి ప్రింటులో చాలావరకు నిలబడతాయి, ఊదాలే చస్తాయి.

పంపే ముందు క్రిటాలో సాఫ్ట్ ప్రూఫింగ్ (ప్రింటులో ఎలా వస్తుందో తెర మీదే చూపించేది) ఆన్ చేసి, సీఎంవైకే, అంటే ఆ నాలుగు ఇంకుల, ప్రొఫైల్ పెట్టి చూసుకోండి, ఏ రంగు చస్తుందో అక్కడే తెలిసిపోతుంది. ఆ రంగును మీరే మార్చుకోండి, మిషన్‌కు వదిలేయకండి. ఇంకా అనుమానం ఉంటే ఫ్లెక్స్ షాపు అబ్బాయిని అడిగి, వేరే వాళ్ల బ్యానర్ పక్కన మిగిలే అంచు ముక్క మీద మీ ఇరవై నాలుగు గళ్ల చార్టు ప్రింటు తీయించుకోండి. కాఫీకి డబ్బులిస్తే కాదనడు. ఆ ముక్కను కంప్యూటర్ పక్కన గోడకు అంటించుకుని, ఇకనుంచి దాన్ని చూసే రంగు ఎంచుకోండి.